పట్టేసిన చక్ ఊడదీత: పాత హ్యామర్ డ్రిల్ ప్రాజెక్టు డైరీ

శుక్రవారం రాత్రి

ఈ డ్రిల్ మెషిన్ మోటారు ఇప్పటికీ బాగుంది. స్విచ్ నొక్కగానే తడబాటు లేకుండా తిరుగుతుంది, కాలిన వాసన లేదు, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర మెరుపులు కూడా తక్కువే. చెడిపోయింది చక్ ఒక్కటే, అంటే రంధ్రం వేసే బిట్‌ని బిగించి పట్టుకునే తల. బిట్‌ని ఎంత బిగించినా గోడలోకి దిగేటప్పుడు జారుతోంది. కొన అల్లాడుతోంది. చక్ బిగించే కీ పళ్ళు పట్టే చోట అంచులు అరిగిపోయి, బిగిస్తుంటే కీ పైకి ఎగిరి వచ్చేస్తోంది. ఇంత మంచి మోటారుని చక్ కోసం పారేయడానికి నాకు మనసొప్పదు. చక్ మారిస్తే ఇది ఇంకా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఈ వారాంతం దీనికే.

చక్ విప్పే పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి తేలాలి. బిట్ అల్లాడుతోందంటే తప్పు చక్‌దే కానక్కర్లేదు, స్పిండిల్ వంగి ఉండొచ్చు. స్పిండిల్ అంటే గేర్ల నుంచి బయటికి వచ్చి చక్‌ని మోసే ఇరుసు. అది వంగితే ఎంత మంచి చక్ వేసినా అల్లాట పోదు, ఊడదీసిన శ్రమంతా వృథా. అందుకని బిట్ తీసేసి, చక్ ఒంటికి దాదాపు తగిలేలా ఒక పెన్సిల్ కొనని ఆనించి పెట్టి, చక్‌ని చేత్తో మెల్లగా తిప్పి చూశాను. కొనకీ ఇనుముకీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉంది. తర్వాత చక్‌ని గట్టిగా పట్టుకుని అటూ ఇటూ ఊపాను, బేరింగ్‌లో ఆట లేదు. ఇప్పుడు ఒక కొత్త, నిటారుగా ఉన్న బిట్ బిగించి తిప్పితే కొన మాత్రం పెద్ద సున్నా చుడుతోంది. అంటే స్పిండిల్ బాగుంది, చక్ ఒళ్ళూ బాగుంది, లోపల బిట్‌ని పట్టే దవడలే చెడ్డాయి. చక్ మార్చడం సరైన వైద్యమే.

శనివారం ఉదయం

ప్లగ్గు పీకేశాను. ఇది మాటవరసకి రాయడం లేదు. చక్ విప్పడానికి తలలో అలెన్ కీ (ఎల్‌లా వంగిన ఆరు పలకల కడ్డీ) బిగించి ఉన్న మెషిన్ పొరపాటున ఆన్ అయితే ఆ కీ చేతి ఎముక విరగ్గొడుతుంది. బ్యాటరీ డ్రిల్ అయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి.

దవడలు పూర్తిగా తెరిచి, టార్చ్ వేసి లోపలికి చూశాను. అడుగున స్క్రూ కనపడాలి, కానీ కనపడింది బూడిద రంగు గట్టి పొర. ఏళ్ళ తరబడి తలకి పైన డ్రిల్ చేసినప్పుడు రాలిన సిమెంటు పొడి, గ్రీజుతో కలిసి రాయిలా తయారైంది. సన్నని వెదురు పుల్లతో గీకి, మెషిన్‌ని తలకిందులుగా పట్టి తట్టి, మళ్ళీ గీకితే కాసేపటికి ప్లస్ గుర్తు బయటపడింది. గాడుల్లో మిగిలిన పొడిని సూదితో తవ్వి తీశాను. ఈ శుభ్రం చేసే పనికి ఎంత సమయం ఇస్తే అంత మంచిది. గాడిలో పొడి ఉంటే స్క్రూడ్రైవర్ అడుగుదాకా దిగదు, దిగకపోతే తల చెక్కేస్తుంది.

ఈ స్క్రూ ఎందుకుందో తెలిస్తే మిగతా పనంతా అర్థమవుతుంది. చక్ స్పిండిల్‌కి మామూలు కుడి థ్రెడ్‌తో (గడియారం ముల్లు వైపు తిప్పితే బిగిసే మర) బిగిసి ఉంటుంది. డ్రిల్ చేసేటప్పుడు వచ్చే ఒత్తిడి దాన్ని ఇంకా బిగిస్తూ పోతుంది కాబట్టి, ముందుకే తిరిగే మెషిన్‌కి వేరే కట్టుబాటు అక్కర్లేదు. కానీ రివర్స్ ఉన్న మెషిన్‌లో స్క్రూ విప్పడానికో, ఇరుక్కున్న బిట్ వెనక్కి లాగడానికో వెనక్కి తిప్పినప్పుడు చక్ కూడా విప్పుకుంటూ వచ్చేస్తుంది. దాన్ని ఆపడానికి చక్ అడుగు నుంచి స్పిండిల్ లోపలికి ఒక స్క్రూ వేస్తారు, తలుపుకి గొళ్ళెం పెట్టినట్టు. ఆ స్క్రూకి ఎడమ థ్రెడ్, అంటే ఎదురు మర, ఉంటుంది. చక్ విప్పుకోవాలని చూసే దిక్కులోనే ఈ స్క్రూ బిగుస్తుంది, అందుకే అది చక్‌ని వదలదు.

కాబట్టి మెషిన్ ముఖం మనవైపు పెట్టుకుని చూస్తే, లోపలి స్క్రూని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే విప్పుకుంటుంది. అది వచ్చాక చక్‌ని అందుకు ఎదురుగా తిప్పాలి. రెండిటికీ రెండు దిక్కులు. ఇకమీద ముల్లు తిరిగే వైపుని కుడివైపు అనీ, ఎదురు దిక్కుని ఎడమవైపు అనీ రాస్తాను. నేను ఒక కాగితం మీద రెండు బాణాలు గీసి బల్ల ముందు అంటించుకున్నాను. ఒళ్ళంతా బలం పెట్టే సమయంలో ఏది ఎటు అని ఆలోచించుకునే పరిస్థితి ఉండకూడదు.

స్క్రూ తలని భూతద్దంతో చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి కనిపించింది. నా చేతికి రాక ముందే ఎవరో దీన్ని విప్పాలని చూశారు. ప్లస్ గాడి ఒక్కో చేతికీ రెండు గోడలుంటాయి కదా, ఎడమవైపు తిప్పితే ఒత్తిడి పడే గోడలు మాత్రమే గుండ్రంగా అరిగి ఉన్నాయి. అంటే మామూలు స్క్రూ అనుకుని ఎడమవైపు తిప్పి, నిజానికి ఇంకా బిగించారు. మంచి కబురేమిటంటే నాకు కావలసిన గోడలు, కుడివైపు తిప్పితే ఒత్తిడి పడేవి, పదునుగానే ఉన్నాయి. తల చెడిపోయిందని చేతులెత్తేసే ముందు ఏ గోడ అరిగిందో చూడాలి.

చేతి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా బలం పెంచుకుంటూ చూశాను. కదల్లేదు. మొన గాడిలోంచి పైకి లేవబోతున్న ఛాయ తగలగానే ఆపేశాను. ఆ రెండు మంచి గోడలే నా ఆస్తి.

శనివారం మధ్యాహ్నం

కంపెనీలో ఈ స్క్రూకి థ్రెడ్ లాక్ జిగురు (మర సడలకుండా పట్టేది) వేసి బిగించడం మామూలే. అది గట్టిపడ్డాక బలంతో గెలవడం కష్టం, వేడికి మాత్రం లొంగుతుంది. మధ్యరకం జిగురు కాస్త వేడికే మెత్తబడుతుంది. గట్టిరకానికి దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి. మంట పెట్టే ప్రసక్తే లేదు. చక్ వెనకే గేర్‌బాక్స్ గ్రీజు, దాని వెనక ప్లాస్టిక్ ఒళ్ళు ఉన్నాయి. వేడి స్క్రూకి మాత్రమే తగలాలి.

దీనికి సోల్డరింగ్ ఐరన్ కంటే మంచి సాధనం నాకు తెలియదు. పొడవాటి మొన ఉన్న 60 వాట్ల ఐరన్ తీసుకుని, మెషిన్‌ని ముక్కు పైకి ఉండేలా నిలబెట్టి, మొనని చక్ నోట్లోంచి దించి స్క్రూ తల మీద ఆనించి వదిలేశాను. స్క్రూ చిన్నది, త్వరగా వేడెక్కుతుంది. స్పిండిల్ లావుగా ఉంటుంది కాబట్టి అది ఆ వేడిని మింగేస్తూ ఉంటుంది. అందుకని తొందరపడకుండా చాలాసేపు ఉంచాలి. నూనె వేసే ఆలోచన ఉంటే ఈ పని అయ్యాకే వేయాలి. నూనె పోసిన చోట అంత వేడి మొన పెట్టడం మంటని పిలవడమే.

ఇక్కడ చాలామంది సుత్తితో కొట్టే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడతారు. స్క్రూ విప్పడంలో దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ దెబ్బ స్పిండిల్ వెంబడి నేరుగా బేరింగ్ మీద పడుతుంది. మంచి బేరింగ్ ఉన్న మెషిన్‌ని బాగు చేస్తూ దాన్నే కొట్టడం నాకు ఇష్టం లేదు. మెడ దగ్గర ఆరు పలకల గుబ్బ ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. దాని మొన గాడిలో నిండుగా కూర్చుని, చెయ్యి వదిలినా నిటారుగా నిలబడింది. సైజు కుదిరిందనడానికి నేను నమ్మే గుర్తు అదే. ఎడమ చేత్తో ఒంటి బరువంతా పిడి మీద మోపి, కుడి చేత్తో ఆ గుబ్బకి పానా వేసి కుడివైపు తిప్పాను. పిడి మీద బరువు మొన పైకి లేవకుండా చూస్తుంది, పానా తిప్పే బలం ఇస్తుంది. ఒకే చెయ్యి రెండు పనులూ చేయలేదు.

టక్కుమని ఒక చిన్న చప్పుడు. స్క్రూ పావు చుట్టు తిరిగింది. విరిగిందేమో అని ఒక క్షణం టెన్షన్ పడ్డాను, కానీ తర్వాతి చుట్లు కూడా అదే బిగువుతో నింపాదిగా వచ్చాయి. విరిగిన స్క్రూ అయితే ఉన్నట్టుండి తేలికైపోతుంది. బయటికి తీసి చూస్తే ఎం6 (6 మిల్లీమీటర్ల) స్క్రూ, ఎడమ థ్రెడ్, చుట్ల మధ్య నీలం రంగు పెచ్చులు. మధ్యరకం జిగురుకి సాధారణంగా నీలం రంగే వేస్తారు.

ఇది రాకపోతే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకున్నాను, అది కూడా రాస్తాను. తల పూర్తిగా చెడిపోయిన మామూలు స్క్రూని తీయడానికి ఎక్స్‌ట్రాక్టర్ అనే మెలితిరిగిన ముక్క దొరుకుతుంది. అది ఎడమవైపు తిరుగుతూ పట్టు పడుతుంది, కాబట్టి ఈ ఎడమ థ్రెడ్ స్క్రూ మీద వాడితే ఇంకా బిగిస్తుంది. ఇక్కడ దాని అవసరం కూడా లేదు. ఇంకో డ్రిల్‌తో, మామూలు లోహపు బిట్‌తో స్క్రూ తలని నెమ్మదిగా తొలిస్తే చాలు. మామూలు బిట్ కుడివైపు తిరుగుతుంది, ఈ స్క్రూ విప్పుకునేదీ కుడివైపే. బిట్ లోహంలో కరుచుకున్న క్షణంలో స్క్రూ దానితోపాటే పైకి వచ్చేసే అవకాశం ఎక్కువ. రాకపోయినా తల తెగిపోతుంది, అప్పుడు చక్‌కి అడ్డు ఉండదు. చక్ వచ్చాక మిగిలిన మొండెం స్పిండిల్ బయటికి కాస్త పొడుచుకుని ఉంటే ప్లయర్‌తో పట్టి తిప్పేయవచ్చు.

శనివారం సాయంత్రం

ఇక చక్. దీన్ని ఎడమవైపు తిప్పాలి.

ఉన్నవాటిలో లావైన అలెన్ కీ, 10 మిల్లీమీటర్లది, పొట్టి చెయ్యి చక్ లోపలికి పెట్టి బిగించాను. మూడు దవడలు ఆరు పలకల కీ మీద ఒకటి విడిచి ఒకటి చదునుగా కూర్చుంటాయి, గుండ్రటి కడ్డీ అయితే జారిపోయేది. కీ రంధ్రాలు మూడిట్లోనూ చక్ కీ పెట్టి వరసగా బిగించాలి. ఒక్క రంధ్రంలోనే బిగిస్తే పట్టు పూర్తిగా రాదు.

ముందు చేత్తో లాగి చూశాను. ఏమైందంటే చక్‌తోపాటు స్పిండిల్, గేర్లు, మోటారు అన్నీ కలిసి తిరిగాయి. లోపల మోటారు గిర్రున తిరిగే చప్పుడు వినిపించింది. ఎంత మెల్లగా, ఎంత బలంగా లాగినా జరిగేది ఇదే, ఎందుకంటే స్పిండిల్‌ని పట్టి ఆపేది ఏదీ లేదు. కొన్ని మెషిన్లకి చక్ వెనక స్పిండిల్ మీద పానా పట్టేలా రెండు చదును పలకలు చెక్కి ఉంటాయి. అవి ఉంటే అదృష్టం. పలచని పానాతో స్పిండిల్‌ని ఆపి, కీతో చక్‌ని తిప్పేయవచ్చు, గేర్లకి దెబ్బ కూడా తగలదు. ఆ సందంతా తుడిచి, టార్చ్ వేసి వెతికాను. దీనికి లేవు.

అందుకే సుత్తి దెబ్బ. నెమ్మదిగా లాగితే కదిలే మోటారు, ఉన్నట్టుండి దెబ్బ తగిలితే ఎందుకు కదలదు? నా మెషిన్ మీద నిమిషానికి 2800 చుట్లు అని ఉంది. మోటారు దానికి దాదాపు పది రెట్లు వేగంగా తిరుగుతుంది. చక్ వైపు నుంచి దాన్ని కదపబోతే, మోటారు జడత్వం గేర్ నిష్పత్తికి వర్గం చొప్పున పెరిగి తగులుతుంది. పదికి పది, అంటే దాదాపు వంద రెట్లు. దెబ్బ తగిలిన ఆ కొద్ది క్షణంలో అంత బరువు వేగం అందుకోలేదు, కాబట్టి స్పిండిల్ దాదాపు నిలబడే ఉంటుంది, చక్ మాత్రం కదలాలి. రెండు గేర్ల మెషిన్ అయితే తక్కువ వేగం గేర్‌లో పెట్టమని చెప్పడానికి కారణం ఇదే. ఆ గేర్‌లో నిష్పత్తి ఎక్కువ, మోటారు మరింత బరువుగా అనిపిస్తుంది. బ్యాటరీ డ్రిల్‌లో క్లచ్ రింగుని (బలం మించితే జారనిచ్చేది) కూడా డ్రిల్ గుర్తు దగ్గర పెట్టాలి. లేకపోతే దెబ్బ క్లచ్‌లోనే జారిపోతుంది. నా మెషిన్‌లో హ్యామర్ మోడ్ (తిరుగుతూనే గోడని పొడిచే పద్ధతి) మీటని మామూలు డ్రిల్ వైపు తిప్పి పెట్టాను.

దెబ్బ ఎక్కడ వృథా అవుతుందో కూడా చూసుకోవాలి. రబ్బరు సుత్తి దెబ్బని తనలోనే దాచుకుంటుంది. సన్నని కీ స్ప్రింగులా వంగి మింగేస్తుంది. మెషిన్ గాల్లో ఉంటే ఒళ్ళంతా తిరుగుతుంది. అందుకని మెషిన్‌ని బల్ల అంచున పడుకోబెట్టి, కింద మందపాటి గుడ్డ వేసి, పిడిని మోకాలికి ఆనించాను. ముక్కు వైపు నుంచి చూస్తే కీ ఎడమ పక్కకి అడ్డంగా ఉండేలా తిప్పుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అరకిలో ఇనుప సుత్తితో కీ చివర మీద కిందికి ఒక పొట్టి, వేగమైన దెబ్బ. దెబ్బ కొట్టి సుత్తిని వెంటనే వెనక్కి తీసేయాలి, నొక్కి పట్టకూడదు.

రాలేదు. వరసగా కొడుతూ పోయాను, ప్రతి దెబ్బకీ అదే మొద్దు చప్పుడు. కీ జారి దవడల్లో గుర్తులు పడటం మొదలవగానే ఆపాను. ఇంకా గట్టిగా కొడితే గేర్ పళ్ళు విరిగే ప్రమాదం ఉంది. ఇక్కడ బలం కంటే కాలమే నయం.

మెషిన్‌ని ముక్కు పైకి నిలబెట్టి, స్క్రూ తీసిన రంధ్రంలో తుప్పు వదిలించే నూనె కొన్ని చుక్కలు వేశాను. ఆ రంధ్రం గుండా అది స్పిండిల్ కొసకి చేరి, అక్కడి నుంచి థ్రెడ్‌లోకి పాకాలి. తర్వాత ముక్కు కిందికి ఉండేలా వేలాడదీసి, చక్ వెనక సందులో కూడా ఒకటి రెండు చుక్కలు. అంతకంటే వద్దు. ఎక్కువైతే బేరింగ్ గ్రీజుని కడిగేస్తుంది. రాత్రికి అలాగే వదిలేశాను.

ఆదివారం ఉదయం

మొదటి దెబ్బలకి తేడా తెలియలేదు. అప్పుడు వేడిగాలి గన్ తీశాను. ఈ చక్ ఎలాగూ పారేసేది కాబట్టి దాన్ని వేడి చేయడానికి వెనకాడక్కర్లేదు, కాపాడాల్సింది దాని వెనక ఉన్నదాన్ని. పైకి కనిపించే నూనె అంతా తుడిచేశాను, కిటికీలు తెరిచాను, గేర్‌బాక్స్ ముక్కుకి తడి గుడ్డ పిండి చుట్టాను. వేడిగాలి చక్ ఒంటి చుట్టూ మాత్రమే తిప్పుతూ పోయాను. దాని మీద ఒక నీటి చుక్క పెడితే సుయ్యిమని ఆవిరయ్యే దాకా.

లెక్క వేస్తే ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. ఉక్కు డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున వ్యాకోచిస్తుంది. 12.7 మిల్లీమీటర్ల థ్రెడ్ రంధ్రం, స్పిండిల్ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే పెరిగేది 15 మైక్రాన్లు. వెంట్రుక మందం కంటే బాగా తక్కువ. కానీ థ్రెడ్‌ల మధ్య పట్టిన తుప్పు పొర పగలడానికి అది సరిపోతుంది. ఆలస్యం చేస్తే స్పిండిల్ కూడా వేడెక్కి తేడా పోతుంది. అందుకే వేడి చేయగానే కొట్టాలి, చల్లారాక కాదు.

ముందు ఒక చిన్న దెబ్బ బిగించే వైపు. తుప్పుని ఏ వైపు కదిపినా పగులుతుంది, ఒక్క వెంట్రుక వాసి కదిలితే చాలు. వెంటనే కీని ఎదురు పక్కకి తిప్పి, విప్పే వైపు గట్టి దెబ్బ. ఈసారి చప్పుడు మారింది. మొద్దు శబ్దం బదులు పొడిగా ఠక్కుమంది, కీ అంగుళం కిందికి దిగింది. ఇంకో దెబ్బ, ఇంకా దిగింది. ఇక సుత్తి పక్కన పెట్టేశాను. మందపాటి తోలు గ్లవ్ వేసుకుని చక్‌ని చేత్తో తిప్పితే, మోటారుని కూడా కొంచెం తిప్పుకుంటూ, చుట్టు తర్వాత చుట్టు బయటికి వచ్చేసింది. ఆ తిప్పడంలో ఉన్న సంతోషాన్ని నేను దాచుకోను.

ఇలా కూడా రాకపోతే మిగిలిన దారి చక్‌ని బలిపెట్టడమే. పైచుట్టు (చక్ బయటి తొడుగు) పగలగొట్టి తీసేసి, లోపలి ఉక్కు ఒంటిని పైపు రెంచితో పట్టాలి. చేత్తో బిగించే ప్లాస్టిక్ తొడుగు చక్‌ల విషయంలో చివరికి చాలాసార్లు ఇదే చేయాల్సి వస్తుంది. వాటిలో కీ జారకుండా గట్టిగా పట్టుకోవడం కష్టం. బెంచి మీద నిలబెట్టే డ్రిల్ మెషిన్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి చక్ థ్రెడ్‌తో కాకుండా ఏటవాలు ఇరుసు మీద ఒత్తిడితో కూర్చుని ఉంటుంది. దాన్ని వెనక సందులో రెండు చీలలు దూర్చి ఒత్తి విడదీస్తారు. ఆ పద్ధతి ఇక్కడ వాడితే స్పిండిల్ పాడవుతుంది.

ఆదివారం మధ్యాహ్నం

బయటికి వచ్చిన థ్రెడ్ చూస్తే పట్టేయడానికి కారణం తెలిసింది. చుట్లలో ఎర్రటి తుప్పు పొడి ఉంది, జిగురు జాడ లేదు. చక్ వెనక ముఖం స్పిండిల్ భుజానికి (థ్రెడ్ ఆగే చోట ఉన్న లావు మెట్టు) ఒత్తుకున్న చోట మెరుస్తున్న ఉంగరం లాంటి గీత ఉంది. పెద్ద హోల్ సా (పెద్ద రంధ్రాలు కోసే గుండ్రటి రంపం) ఇరుక్కుని మెషిన్ చేతిలో తిరగబడ్డ ప్రతిసారీ ఆ దెబ్బంతా చక్‌ని ఈ భుజం మీదికే బిగించి ఉంటుంది. ఏళ్ళ తరబడి బిగిసినదాన్ని ఒక్క రోజులో విప్పాం, అది ఊరికే వస్తుందా.

పాత చక్‌ని విప్పి చూడాలని ముందునుంచీ ఉంది. పైచుట్టుని వైస్‌లో (బల్లకి బిగించిన పట్టు సాధనం) ఆనించి, లోపలి ఒంటిని ప్రెస్ చేసి బయటికి తోశాను. ఈ నిర్మాణం ఆర్థర్ జేకబ్స్ 1902లో పేటెంట్ తీసుకున్న చక్ నుంచి వచ్చిందే. ఏటవాలు గాడుల్లో మూడు దవడలు, వాటి వీపు మీద థ్రెడ్, వాటిని చుట్టి రెండు ముక్కలుగా ఉండే నట్టు, దాన్ని తిప్పడానికి పళ్ళున్న పైచుట్టు. కీ తిప్పితే మూడు దవడలూ ఒకే కొలతలో ముందుకో వెనక్కో జరుగుతాయి. నూరేళ్ళు దాటినా ఇంతకంటే మెరుగైన ఆలోచన చేతి డ్రిల్‌కి పెద్దగా రాలేదంటే ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది. దవడల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి, ఎందుకంటే ఒక్కోదాని థ్రెడ్ ఒక్కో చోట మొదలవుతుంది, స్థానాలు మారిస్తే కొసలు ఒకచోట కలవవు. రెండో దవడ వీపు మీద థ్రెడ్ పళ్ళు కొన్ని విరిగి ఉన్నాయి. బిగిస్తే మిగతా రెండూ ముందుకు వెళ్ళేవి, అది వెనకబడేది.

కొత్త చక్‌కి కొలతలు. పాతదాని ఒంటి మీద 1.5-13 అనీ, 1/2-20 యూఎన్ఎఫ్ అనీ చెక్కి ఉంది. మొదటిది పట్టే బిట్ల సైజు మిల్లీమీటర్లలో, రెండోది థ్రెడ్, అర అంగుళం వ్యాసం, అంగుళానికి 20 చుట్లు, యూఎన్ఎఫ్ అంటే అంగుళాల కొలతల్లో సన్న చుట్ల రకం. స్పిండిల్ మీద వెర్నియర్ (వ్యాసం కొలిచే సాధనం) పెడితే 12.7 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ వచ్చింది, సరిపోయింది. 10 మిల్లీమీటర్ల చక్‌లకి ఎక్కువగా 3/8-24 ఉంటుంది. ఎం12 థ్రెడ్, 1.25 మిల్లీమీటర్ల పిచ్ (చుట్ల మధ్య దూరం) ఉన్నవి కూడా ఉన్నాయి. అర అంగుళం థ్రెడ్ పిచ్ 1.27 కాబట్టి చుట్ల దూరం చూసి రెండిటి మధ్య తేడా పట్టలేం, వ్యాసం కొలవాల్సిందే. అడుగున స్క్రూకి రంధ్రం ఉందో లేదో కూడా చూడాలి. రివర్స్ ఉన్న మెషిన్‌కి ఆ రంధ్రం లేని చక్ పనికిరాదు. చేత్తో బిగించే రకం తేలికే, కానీ హ్యామర్ మోడ్‌లో గోడలు తొలిచే మెషిన్‌కి కీ ఉన్న చక్కే నా ఎంపిక. కుదుపులకి సడలదు.

తర్వాతి శనివారం

కొత్త చక్ వచ్చింది. స్పిండిల్ థ్రెడ్‌ని వైర్ బ్రష్‌తో రుద్ది, భుజం మీద లేచిన చిన్న గరుకు అంచుని సన్నని ఆకురాయితో చదును చేసి, అంతా తుడిచాను. అక్కడ ఒక ఇసుక రేణువు మిగిలినా చక్ వంకరగా కూర్చుంటుంది. థ్రెడ్ మీద పలచగా నూనె రాశాను, జిగురు మాత్రం రాయలేదు. చక్ వాడకంలో తనే బిగుసుకుంటుంది, దానికి జిగురు తోడైతే ఇంకోసారి విప్పేవాళ్ళకి నరకం. చేత్తో చివరిదాకా తిప్పి, అలెన్ కీ పెట్టి బిగించే వైపు ఒక చిన్న దెబ్బ, భుజానికి ఆనడానికి. స్క్రూ కొత్తది, అదే ఎడమ థ్రెడ్‌ది, ఒక చుక్క నీలం జిగురుతో ఎడమవైపు తిప్పి బిగించాను. స్క్రూ తల మీదా, చక్ అడుగు మీదా కలిసేలా పెయింటు పెన్‌తో ఒక గీత గీశాను. స్క్రూ సడలితే ఆ గీత విడిపోయి టార్చ్ వెలుగులో కనిపిస్తుంది. జిగురు ఆరడానికి ఒక రోజు వదిలేయాలి.

ఆదివారం

10 మిల్లీమీటర్ల నిటారు కడ్డీ బిగించి, దవడలకి ఐదు సెంటీమీటర్ల దూరంలో డయల్ గేజ్ (కొద్దిపాటి అల్లాటని కూడా ముల్లుతో చూపే సాధనం) పెట్టి చేత్తో తిప్పాను. ముల్లు మొత్తం మీద 0.15 మిల్లీమీటర్లు ఊగింది. గోడకీ చెక్కకీ ఇది చాలినంత కంటే ఎక్కువే. ఇనుప రేకులో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వరసగా వేస్తే, అన్నీ గుండ్రంగా, పంచ్ గుర్తు మీదే పడ్డాయి. తర్వాత హ్యామర్ మోడ్‌లో కాంక్రీటులో 10 మిల్లీమీటర్ల రంధ్రాలు. బిట్ జారలేదు. చివరగా రివర్స్‌లో పెట్టి చెక్కలోంచి పొడవాటి స్క్రూలు విప్పాను, చక్ అడుగున స్క్రూ ఉన్నది ఈ పని కోసమే. పెయింటు గీత విడిపోలేదు.

ఇంకా మిగిలింది గేర్‌బాక్స్. నూనె చుక్కలు ఎంతవరకు వెళ్ళాయో చూసి, పాత గ్రీజు తీసి కొత్తది నింపాలి, బ్రష్‌ల పొడవు కూడా అప్పుడే కొలవాలి. ఆ మూత స్క్రూలకి మాత్రం మామూలు థ్రెడ్డే.